పాత స్తంభాల కంకరతో కొత్త కాంక్రీటు: వానలకు ముందు జాగ్రత్తలు

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు మే నెలంతా పునాదులు, ప్రహరీలు, గచ్చుల పనే. జూన్‌లో వానలు దిగేలోపు ముగించాలని అందరికీ టెన్షన్. ఈ తొందరలో కొందరు విరిగిన సిమెంటు స్తంభాలు, పగిలిన తూములు, ప్రీకాస్ట్ యార్డులో (కాంక్రీటు సరుకు ముందే అచ్చుల్లో పోసే చోట) పక్కన పడేసిన పలకలు కొట్టించి కంకరగా వాడుతున్నారు. మంచి పనే. క్వారీ కోసం మరో కొండ తొలిచే అవసరం ఆ మేరకు తగ్గుతుంది. కానీ ఈ కంకర క్వారీ కంకర లాంటిది కాదు. దీని లెక్క వేరు.

ముందు సరుకు ఎక్కడిదో కనుక్కోండి. ఇల్లు పడగొట్టిన శిథిలాల కన్నా ప్రీకాస్ట్ సరుకు చాలా మేలు. ఇటుక, సున్నం, టైల్స్, చెక్క కలవవు, పైగా అది గట్టి కాంక్రీటుతో పోత పోసిన సరుకు. అయినా అన్నీ పనికిరావు. సెప్టిక్ ట్యాంకు ఒరలు, మురుగు తూములు వద్దు. మురుగు నుంచి వచ్చే ఆమ్లం వాటి లోపలి ముఖాన్ని తినేసి ఉంటుంది, సల్ఫేట్లు మిగిలి ఉంటాయి. గోపాలపురం తీరం వైపు ఏళ్ల తరబడి ఉప్పుగాలికి నిలబడిన స్తంభాల ముక్కలను ఇనుము వేసే కాంక్రీటులో వాడొద్దు. అందులోని ఉప్పు కొత్త చువ్వలకు తుప్పు పట్టిస్తుంది. 2013లో ఫైలిన్‌కు, 2018లో తిత్లీకి ఈ ప్రాంతంలో కరెంటు స్తంభాలు ఎన్నో కూలాయి. రేపు మరో తుఫానుకు మీ వీధిలో స్తంభం పడినా అది విద్యుత్ సంస్థ ఆస్తే, రైల్వే స్లీపర్ రైల్వే ఆస్తే. వేలంలో కొన్న రసీదు చేతిలో లేకుండా సమ్మెట ఎత్తకండి.

కొట్టే రోజున నాకు ఎక్కువ భయం తీగల గురించే. కరెంటు స్తంభాల్లో చాలావాటిలో పోత పోసేటప్పుడే లాగి బిగించిన గట్టి తీగలుంటాయి. మామూలు చువ్వలా కోస్తే తెగిన కొస ఎగిరి ముఖానికి తగలొచ్చు. స్తంభం కొసకు ఎదురుగా ఎవరినీ నిలబెట్టొద్దు, పక్కనుంచే పని చేయించండి. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. కొట్టే ముందు నీళ్లు చల్లండి. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఏళ్లపాటు పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. తువ్వాలు చుట్టుకుంటే అది ఆగదు, ఎన్95 మాస్కు కావాలి. పనివాళ్లలో ఒడియా వాళ్లు, సవర వాళ్లు కూడా ఉంటారు. ఈ మాటలన్నీ ఎవరి భాషలో వాళ్లకు ముందురోజే చెప్పించండి. బయటపడ్డ తీగలు పాత ఇనుముకు అమ్మేయండి, మళ్లీ చువ్వలుగా వాడొద్దు.

ముక్కలను క్రషర్‌లో వేయించి 20 ఎం.ఎం. జల్లెడ పట్టించండి. 4.75 ఎం.ఎం. కన్నా సన్నగా వచ్చే పొడిని ఇసుక బదులు కలపొద్దని నా సలహా. అది విపరీతంగా నీళ్లు లాగుతుంది. గచ్చు కింద నింపడానికి వాడుకోవచ్చు.

ఎంత కలపాలి? కంకరకు భారత ప్రమాణమైన ఐఎస్ 383 (2016) ప్రకారం ఇనుము లేని కాంక్రీటులో మొత్తం కంకరలో 25 శాతం వరకు, ఎం25 దాటని ఆర్‌సీసీలో (ఇనుప చువ్వలు వేసే కాంక్రీటులో) 20 శాతం వరకు. ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ కాంక్రీటు బలం ఎక్కువ. ఎం15 కన్నా తక్కువ రకమైన, పునాది అడుగున పరిచే బెడ్ కాంక్రీటులో మొత్తం ఇదే వేసుకోవచ్చు. మేస్త్రికి శాతాలు చెప్పకండి, ఆర్‌సీసీలో ప్రతి ఐదు బొచ్చెల కంకరలో ఒకటే పాతది అని చెప్పండి. ఇంకో మాట. తీరపు గాలి నేరుగా తగిలే ఆర్‌సీసీకి కాంక్రీటు పనుల ప్రమాణమైన ఐఎస్ 456 కనీసం ఎం30 అడుగుతుంది. అంటే సముద్రం పక్కన కట్టే ఇంటి స్తంభాల్లో, శ్లాబులో ఈ కంకరకు చోటే లేదు. లోపలి ఊళ్లలో కూడా మొదటిసారి వాడేవాళ్లు బెడ్ కాంక్రీటు, నడవ, కాలువ అడుగు లాంటి వాటితోనే మొదలుపెట్టండి. తుఫాన్లు వచ్చే జిల్లాలో ఇంటి కప్పు మీద ప్రయోగం వద్దు. శ్లాబులో వేయాల్సిందే అనుకుంటే ఇంజినీరు చేత మిక్స్ డిజైన్ (ఏది ఎంత కలపాలో లెక్క) చేయించండి.

అసలు కష్టం నీళ్ల దగ్గర. క్వారీ రాయి బరువులో ఒక శాతం లోపే నీళ్లు పీలుస్తుంది. పాత సిమెంటు అంటుకుని ఉన్న ఈ కంకర కొత్త కుండలా లాగుతుంది. ఐదు శాతం మామూలే, ఇంకా ఎక్కువ కూడా ఉండొచ్చు. మీరే చూసుకోవచ్చు. బాగా ఎండిన కంకర కిలో తూచి, ఒక రోజంతా నానబెట్టి, పైతడి గుడ్డతో తుడిచి మళ్లీ తూచండి. 1,050 గ్రాములొస్తే ఐదు శాతం. 1:4:8 (సిమెంటు, ఇసుక, కంకర) బెడ్ కాంక్రీటుకు ఒక సిమెంటు బస్తాకి సుమారు 360 కిలోల కంకర పడుతుంది. ఎండుగా వేస్తే అది 18 లీటర్లు తాగేస్తుంది. మిల్లరులో (కాంక్రీటు కలిపే యంత్రంలో) మాలు బిగుసుకుంటుంది, మేస్త్రి మరో బకెట్ గుమ్మరిస్తాడు, బలం పోతుంది.

అందుకే ముందురోజు సాయంత్రం కుప్పకు బాగా నీళ్లు పట్టి, గోనెలు కప్పి, పొద్దున వాడండి. లోపల తడి ఉండాలి, పైన నీళ్లు మెరవకూడదు. వాన పడిందంటే లెక్క తిరగబడుతుంది. కుప్ప పైభాగం నీళ్లు కారుతుంది, లోపల పొడిగానే ఉంటుంది. అప్పుడు పారతో కుప్పంతా తిరగేసి, కలిపే నీళ్లు తగ్గించాలి. ఎత్తైన చోట, టార్పాలిన్ కింద, కొత్త కంకరకు దూరంగా కుప్ప పోస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

మిల్లరులో మొదట కంకర, సగం నీళ్లు వేసి ఒక నిమిషం తిప్పండి. తర్వాత ఇసుక, సిమెంటు, మిగతా నీళ్లు. పీపీసీ (బూడిద కలిసిన) సిమెంటైతే పోత పోశాక కనీసం పది రోజులు నీళ్లు పట్టాలి. వాన పడుతోంది కదా అని మానేయకండి, మధ్యలో ఒక్క ఎండ రోజుకే పైపొర బీటలు వారుతుంది. ఆర్‌సీసీలో వాడేవాళ్లు అసలు పనికి నెల ముందే నమూనా మాలు కలిపి 150 ఎం.ఎం. క్యూబులు పోయించి, దగ్గర్లోని ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుకు పంపండి. ఏడో రోజు ఫలితం ఒక అంచనా మాత్రమే. 28వ రోజు ఫలితం చూశాకే శ్లాబు తేదీ ఖాయం చేసుకోండి.