టర్బో బండికి గేజీలు – నాలుగో పాఠం: బ్రేకు గొట్టం జోలికి వెళ్ళకండి

ఈ వారం బూస్టు గేజీకి, అంటే టర్బో ఇంజినులోకి నింపే గాలి ఒత్తిడిని చూపే మీటరుకు, కరెంటు ఇవ్వడం నేర్చుకోవాలి. కానీ మూడో పాఠం తర్వాత వచ్చిన ఫోన్లు విన్నాక, ముందు గొట్టం సంగతి తేల్చకుండా వైరు ముట్టుకోకూడదని నిర్ణయించుకున్నాను. “వాక్యూమ్ గొట్టానికి టీ జాయింటు వేసి, దానికి గేజీ గొట్టం తగిలించండి” అని పోయినసారి రాశాను. రాసేటప్పుడు నా ఎదుట ఉన్నది పెట్రోలు బండి. నాకు ఫోను చేసినవారిలో ఎక్కువమందివి డీజిల్ బండ్లు. తప్పు నాదే. ఇప్పటికే టీ వేసినవాళ్ళు ఈ పాఠం పూర్తయ్యేదాకా బండిని రోడ్డెక్కించవద్దు.

ఆదివారం ఉదయం పాకాల నుంచి ఒక మాస్టారు తన డీజిల్ స్విఫ్ట్‌తో తిరుపతిలోని మా షెడ్డుకు వచ్చారు. “సార్, మీరు చెప్పినట్టే చేశాను. ముల్లు ఎడమవైపు 25 దగ్గర నిలబడిపోయింది. భాకరాపేట ఘాట్ ఎక్కినా కదలలేదు” అన్నారు. బానెట్ ఎత్తి చూశాను. తెల్లని ప్లాస్టిక్ టీ, దానికి రెండు పక్కలా సన్నని తీగ చుట్టి పొందికగా బిగించి ఉంది. పనిలో వంక పెట్టడానికి లేదు. కానీ ఆ టీ వేసింది బొటనవేలంత లావున్న నల్ల గొట్టానికి. అది బ్రేకు పెడల్ ముందున్న గుండ్రని డబ్బాకు, అంటే బ్రేకు బూస్టరుకు వెళ్తోంది.

ఇంజిను ఆపించాను. ముల్లు 25 దగ్గరే ఉంది. గొట్టం సరైన చోట ఉంటే ఇంజిను ఆగగానే ముల్లు సున్నాకు రావాలి. “ఇప్పుడు బ్రేకు నొక్కి వదలండి” అన్నాను. ముల్లు 18కి దిగింది. ఇంకోసారి నొక్కితే 11. మూడోసారికి 4. ఆ తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుపోయింది. మాస్టారు ముల్లును చూసి, తన పాదాన్ని చూసుకొని, “అంటే ఇన్నాళ్ళూ ఇది నా బ్రేకును కొలుస్తోందా?” అన్నారు.

అవును. మీలో అనుమానం ఉన్నవాళ్ళందరూ ఇదే పరీక్ష చెయ్యండి. బండిని చదునైన చోట నిలిపి, చేతి బ్రేకు వేసి, ఇంజిను ఆపి, బ్రేకును మూడుసార్లు నొక్కండి. ముల్లు మెట్లు దిగినట్టు దిగితే మీ టీ బ్రేకు గొట్టం మీద ఉంది.

ఈ పొరపాటు ఎందుకు జరుగుతోందో చిత్తూరు నుంచి ఫోను చేసిన కుర్రవాడి మాటల్లో తెలిసింది. “అన్నా, బూస్టు గొట్టం ఏదో చూపించమని మెకానిక్‌ను అడిగాను, ఆయనే చూపించాడు” అన్నాడు. మెకానిక్ చెవికి బూస్టు అన్నా బూస్టరు అన్నా ఒకటే. షెడ్డులో రోజూ వినబడేది బ్రేకు బూస్టరే. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. టర్బో నింపే గాలి ఒత్తిడి బూస్టు. బ్రేకు బూస్టరు పనిచేసేది ఒత్తిడితో కాదు, వాక్యూమ్‌తో. మెకానిక్‌ను అడగవలసి వస్తే “ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ చూపించండి” అని అడగండి. ఇంజిను సిలిండర్లకు గాలిని పంచే భాగం అది.

ఇక అసలు విషయం. పెట్రోలు ఇంజినులో గాలి దారికి అడ్డంగా త్రాటిల్ రేకు ఉంటుంది. ఐడిలింగులో, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజిను తిరుగుతున్నప్పుడు, ఆ రేకు దాదాపు మూసుకొని ఉంటుంది. పిస్టన్లు గాలి కోసం లాగుతుంటాయి. అందుకే రేకుకు అవతల, మ్యానిఫోల్డ్‌లో వాక్యూమ్ పుడుతుంది. ఆరోగ్యంగా ఉన్న ఇంజిను మన ఊళ్ళో సుమారు 18 నుంచి 20 పాదరసం అంగుళాలు చూపిస్తుంది. యాక్సిలరేటర్ నొక్కితే ముల్లు సున్నా వైపు వస్తుంది, టర్బో అందుకున్నాక సున్నా దాటి కుడివైపుకు వెళ్తుంది. బ్రేకు బూస్టరు కూడా ఈ మ్యానిఫోల్డ్ వాక్యూమ్‌నే వాడుకుంటుంది. మధ్యలో ఒకవైపుకే తెరుచుకునే వాల్వు ఉంటుంది. ఆ వాల్వుకు బూస్టరు వైపున టీ వేస్తే పెట్రోలు బండిలోనూ ముల్లు వాక్యూమ్‌లోనే ఉండిపోతుంది. మ్యానిఫోల్డ్ వైపున వేస్తే లెక్క సరిగ్గానే చూపిస్తుంది. అయినా నేను వెయ్యను, ఎవరినీ వెయ్యనివ్వను.

డీజిల్ ఇంజినులో వేగాన్ని నడిపేది గాలి కాదు, ఇంధనం. కొన్నింటిలో రేకు ఉన్నా అది వేరే పనులకు. ఐడిలింగులో మ్యానిఫోల్డ్‌లో చెప్పుకోదగ్గ వాక్యూమ్ ఉండదు. కాబట్టి బ్రేకు కోసం ప్రత్యేకంగా ఒక వాక్యూమ్ పంపు పెడతారు. కొన్ని బండ్లలో అది క్యామ్‌షాఫ్ట్ చివర, మరికొన్నింటిలో ఆల్టర్నేటర్ వెనక ఉంటుంది. ఇంజిను తిరుగుతున్నంతసేపూ అది లాగుతూనే ఉంటుంది. మాస్టారి గేజీ చూపిస్తున్నది ఆ పంపు బలాన్ని. డీజిల్ బండిలో సరైన చోట తగిలిస్తే ముల్లు ఐడిలింగులో సున్నా దగ్గరే నిలుస్తుంది, ఎడమవైపు సగం దానికి అక్కరే లేదు. “గేజీ చెడిపోయిందా?” అని ఫోను చేసిన ముగ్గురికీ నా జవాబు ఇదే: మీ గేజీ బాగుంది, మీరు మాత్రమే సరిగ్గా తగిలించారు.

బ్రేకు గొట్టం విషయంలో నేను ఇంత పట్టుదలగా ఎందుకున్నానో చెప్పాలి. గేజీ గొట్టం పెన్సిలంత సన్నం. వేసవిలో బానెట్ కింద వేడికి గట్టిపడి పగులుతుంది, లేదా టీ నుంచి ఊడిపోతుంది. అప్పుడు బూస్టరులోని వాక్యూమ్ ఆ సందులోంచి పోతుంది. బ్రేకు అసలు పనిచేయకుండా పోదు, కానీ మీ కాలికి దొరికే సాయం పోతుంది. మామూలు కంటే ఎంతో బలంగా తొక్కాలి. తిరుమల నుంచి కిందికి వచ్చే మొదటి ఘాట్ రోడ్డు మలుపుల్లో, వెనక సీట్లో పెద్దవాళ్ళు కునుకు తీస్తుండగా, పెడల్ బిగుసుకుపోతే ఏమవుతుందో ఆలోచించండి. రెండు వేల రూపాయల గేజీ కోసం ఆ గొట్టాన్ని కోయకండి. కోసినవాళ్ళు టీ తీసి అతుకు వెయ్యకండి. మొత్తం గొట్టాన్ని కంపెనీ గొట్టంతో మార్చండి. మాస్టారి బండికి అదే చేయించి పంపాను.

మరి ఎక్కడ తగిలించాలి? పెట్రోలు బండిలో త్రాటిల్ దాటాక మ్యానిఫోల్డ్ మీద నుంచి బయలుదేరే సన్న గొట్టం ఏదైనా సరే. బైపాస్ వాల్వుకు (యాక్సిలరేటర్ వదిలినప్పుడు మిగిలిన టర్బో గాలిని దారి మళ్ళించేది) వెళ్ళే గొట్టమంటే నాకు ఇష్టం, చెయ్యి సులువుగా అందుతుంది. కొత్త బండ్లలో ఆ వాల్వు కరెంటుతో నడుస్తుంది, గొట్టమే ఉండదు. అలాంటప్పుడు మ్యాప్ సెన్సర్ (మ్యానిఫోల్డ్‌లో గాలి ఒత్తిడిని కొలిచేది) కింద పెట్టే అడాప్టరు కొనండి. డీజిల్ బండిలోనూ అదే మేలు. అడాప్టరు దొరక్కపోతే టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కూ మ్యానిఫోల్డ్‌కూ మధ్య పైపుకు రంధ్రం చేసి నిపుల్ బిగించాలి. పైపును బండిలో ఉంచి డ్రిల్లు చేస్తే పొట్టు ఇంజినులోకి వెళ్తుంది. విప్పి, బయట పెట్టి, రంధ్రం చేసి, కడిగి, ఆరాక బిగించండి.

టర్బో పక్కన, అది ఎంత గాలి నింపాలో అదుపు చేసే యాక్చువేటరుకు వెళ్ళే గొట్టాన్ని కూడా వదిలేయండి. ఒత్తిడితో నడిచే యాక్చువేటరయితే, అక్కడ గాలి కారితే దానికి కబురు అందదు, టర్బో హద్దు దాటి నింపుతుంది. వాక్యూమ్‌తో నడిచేదయితే బండి నీరసపడి డ్యాష్‌బోర్డులో ఇంజిను దీపం వెలుగుతుంది.

గొట్టం బిగించే ముందు సిరంజి పరీక్ష తప్పనిసరి. మందుల షాపులో సూది లేని 10 మి.లీ. సిరంజి తీసుకోండి. పిస్టన్‌ను బయటికి లాగి, గేజీ గొట్టం చివర తగిలించి, చాలా నెమ్మదిగా నొక్కండి. ముల్లు కుడికి కదులుతుంది. 10 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గర ఆపి, వేలు కదపకుండా నిమిషంపాటు పట్టుకోండి. ముల్లు దిగితే ఎక్కడో గాలి కారుతోంది. అతుకుల మీద సబ్బు నీళ్ళు రాస్తే బుడగ చెబుతుంది. ఇదంతా కాఫీ తాగుతూ ఇంటి అరుగు మీద చేసుకోవచ్చు.

ఇంకొక చిన్న ప్రశ్న పదేపదే వచ్చింది. డయల్‌లో ఎడమవైపు అంకెలు పాదరసం అంగుళాలు, కుడివైపు అంకెలు పి.ఎస్.ఐ. ఒకే ముల్లు, రెండు కొలతలు. ఎడమవైపు 20 అంటే సుమారు 9.8 పి.ఎస్.ఐ. మాత్రమే. కుడివైపు బార్‌లో ఉంటే, 1 బార్ 14.5 పి.ఎస్.ఐ.

ఇప్పుడు కరెంటు. కరెంటుతో నడిచే గేజీకి సాధారణంగా నాలుగు వైర్లు ఉంటాయి: నేరుగా బ్యాటరీ నుంచి వచ్చేది, తాళం తిప్పితే వచ్చేది, హెడ్‌లైటు వేస్తే వచ్చేది, ఎర్త్. రంగులు కంపెనీని బట్టి మారతాయి, కాబట్టి మీ గేజీతో వచ్చిన కాగితాన్ని నమ్మండి, పక్కవాడి బండిని నమ్మకండి. సిగరెట్ లైటరు వైరు నుంచి లాగడం నాకు నచ్చదు. ఫ్యూజు పెట్టెలో తగిలించే ట్యాప్ వాడండి, 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు. ఏ ఫ్యూజులో ఎప్పుడు కరెంటు ఉంటుందో మల్టీమీటరుతో చూడండి: తాళం తీసినప్పుడు, మొదటి మెట్టులో, రెండో మెట్టులో, స్టార్టరు తిరుగుతున్నప్పుడు. ఎర్త్‌ను ప్లాస్టిక్‌లోకి దిగిన స్క్రూకు కట్టకండి. బాడీ ఇనుముకు తగిలే బోల్టు దగ్గర రంగు గీకి, రింగు టెర్మినల్ పెట్టి బిగించండి. ఆ తర్వాత హెడ్‌లైటు, ఏసీ వేసి, హారన్ కొట్టండి. కరెంటుతో నడిచే గేజీలో ముల్లు ఉలిక్కిపడితే ఎర్త్ బాగాలేదు.

పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగువి. వాటికి మీటరు కూడా తాకించవద్దు. అద్దం పక్క స్తంభంలో కర్టెన్ ఎయిర్‌బ్యాగు ఉన్న బండిలో అక్కడ గేజీ పెట్టకండి. బ్యాగు విచ్చుకుంటే గేజీ మీ ముఖం మీదికి వస్తుంది. నేను డ్యాష్‌బోర్డు పైన, స్టీరింగుకు కొంచెం ఎడమగా, 52 మి.మీ. గేజీ ఒక్కటే పెడతాను. రెండువైపులా అంటుకునే టేపును మాత్రమే నమ్ముకుంటే మే నెల ఎండకు అది జారుతుంది. కింద చిన్న బ్రాకెట్ ఉండాలి.

సాధన. ఒక నోటుపుస్తకం పెట్టి ఏడు రోజులు రాయండి. ఉదయం చల్లని ఇంజినుతో ఐడిలింగు, వేడెక్కాక ఐడిలింగు, ఏసీ వేశాక ఐడిలింగు. తర్వాత ఒకే ఎత్తు రోడ్డు, ఒకే గేరు, ఒకే వేగం. చిత్తూరువాళ్ళకు పలమనేరు వైపు మొగిలి ఘాట్ ఉంది. తిరుపతివాళ్ళకు అలిపిరి నుంచి పైకి వెళ్ళే రెండో ఘాట్ రోడ్డు ఉంది. అంకెలు పక్కన కూర్చున్నవారు రాయాలి. నడిపేవారి చూపు రోడ్డు మీదే ఉండాలి. పెట్రోలు బండివాళ్ళు తిరుమలలో బండి ఆపే ముందు ఐడిలింగు వాక్యూమ్ రాసుకోండి. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి ఒత్తిడే తక్కువ కాబట్టి కింద చూపిన దానికంటే రెండు అంగుళాలకు పైగా తగ్గాలి. తగ్గకపోతే గొట్టాన్ని మళ్ళీ సిరంజితో పరీక్షించండి. ఏడు రోజుల అంకెలు లేకుండా ఐదో పాఠం మొదలుపెట్టకండి.

ఐదో పాఠం ఆయిల్ ప్రెజరు గేజీ. సెండరు (ఇంజినుకు బిగించి ఆయిల్ ఒత్తిడిని గేజీకి తెలిపే సెన్సర్) కొనేవాళ్ళు ఒక్కటి చూడండి. డబ్బా మీద 1/8 ఎన్.పి.టి. అని ఉందా, 1/8 బి.ఎస్.పి.టి. అని ఉందా? రెండూ పైపు మరల కొలతలే, మొదటిది అమెరికాది, రెండోది బ్రిటిష్‌ది. కంటికి రెండూ ఒకటే. కానీ మొదటిదాంట్లో అంగుళానికి 27 మరలు, రెండోదాంట్లో 28. ఒకదానిలో మరొకటి రెండు మూడు చుట్లు హాయిగా దిగుతుంది, తర్వాత బిగుస్తుంది, ఆపైన ఆయిల్ కారుతుంది. మీ ఇంజిను వైపు మర ఏదో తెలుసుకొని నోటుపుస్తకం అట్ట మీద రాసుకోండి. వచ్చే వారం వరకు సెండరు డబ్బాలోనే ఉండనివ్వండి.