డార్క్ వెబ్ నవల చదివిన పిల్లలకు సెలవుల ముందు కొన్ని జాగ్రత్తలు

పరీక్షలు ముగిశాయి. నెల్లూరు హాస్టళ్ల నుంచి పిల్లలు పెట్టెలు సర్దుకుని ఒంగోలుకు, కావలికి, కందుకూరుకు ఇళ్లకు చేరుతున్నారు. ఈసారి చాలామంది చేతుల్లో డార్క్ వెబ్ మీద, అంటే మామూలు వెతుకులాటకు దొరకని ఇంటర్నెట్ భాగం మీద రాసిన ఒక భయానక నవల కనిపిస్తోంది. నేనూ చదివాను. చదవవద్దని చెప్పను. పుస్తకం మూసిన తర్వాత చేసే పని గురించే నా భయమంతా.

గత నెల ఒంగోలులో మా వీధి అబ్బాయి ఒకడు, ఆ నవలలో ఉన్నట్టు మనుషులను హింసిస్తూ ప్రత్యక్షంగా చూపించే ‘ఎర్ర గది’ నిజంగా ఉందేమో చూద్దామని అక్క ల్యాప్‌టాప్‌లో డార్క్ వెబ్‌లోకి తీసుకెళ్లే టోర్ బ్రౌజర్ వేసుకున్నాడు. ఏదో లింకు నొక్కాడు. ‘నీ ముఖం కెమెరాలో రికార్డయింది, ఐదు వేలు పంపు’ అని బెదిరింపు వచ్చింది. పంపాడు. వారం తిరక్కుండా ఇరవై వేలు అడిగారు. మూడోసారికి వాళ్లమ్మ కమ్మలు తాకట్టు కొట్టుకు చేరాయి.

వాడిని ముంచింది ఆ మొదటి ఐదు వేలే. పదకొండేళ్లుగా కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను, ఇలా చితికిన ఇళ్లు మూడు చూశాను. మూడు చోట్లా ఇదే పొరపాటు. అవతలివాడు అదే బెదిరింపును ఎందరికో పంపి కాచుకుని ఉంటాడు. చాలాసార్లు వాడి దగ్గర మీ ఫొటో కూడా ఉండదు. మీరు భయపడ్డారని, ఎక్కడినుంచో డబ్బు తేగలరని వాడికి తెలిసేది మీరు పంపినప్పుడే. మొదటి రూపాయి పంపవద్దు.

ఎర్ర గది ఉన్నట్టు ఇంతవరకూ ఎక్కడా రుజువు కాలేదు. ఆ పేరు చెప్పి ప్రవేశ రుసుము దండుకునే మోసగాళ్లు మాత్రం ఉన్నారు. టోర్ వాడటం మన దేశంలో నేరం కాదు, కానీ అందులో ఎవరికీ దొరకమనుకోవడం వట్టి భ్రమ. సిల్క్ రోడ్ అనే మాదకద్రవ్యాల సంతను నడిపిన రాస్ ఉల్‌బ్రిక్ట్ 2013లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక గ్రంథాలయంలో దొరికిపోయాడు.

డార్క్ వెబ్ నుంచి ఏ ఫైలూ దించుకోవద్దు. దాన్ని టోర్ బయట తెరిస్తే మీ కంప్యూటర్ చిరునామా బయటపడవచ్చు.

అమ్మానాన్నల బ్యాంకు ఖాతా ఉన్న ఫోనులో ఈ ప్రయోగాలు వద్దు.

పిల్లల అశ్లీల దృశ్యాలు వెతకడం, చూడటం, దించుకోవడం అన్నీ నేరమే. ఐటీ చట్టం 67బి కింద మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా. అలాంటిది ఎదురైతే వెంటనే మూసేయండి. ఎవరికీ పంపవద్దు, స్క్రీన్‌షాట్ కూడా తీయవద్దు.

పోలీసు ముద్రతో ‘జరిమానా కట్టు’ అని తెర మీదకు వస్తే నమ్మవద్దు. ఫోనులోనే అరెస్టు చేశామని బెదిరించే ‘డిజిటల్ అరెస్టు’ అనేది చట్టంలోనే లేదు.

బెదిరించినవాడికి బదులివ్వవద్దు. బతిమాలవద్దు. సందేశాలు చెరిపేయవద్దు, అవే సాక్ష్యం. డబ్బు పంపవద్దు.

ఇప్పటికే పంపారా? రెండోసారి పంపవద్దు. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి వెంటనే ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఖాతాలో ఆగిపోయే అవకాశం అంత ఎక్కువ. బిట్‌కాయిన్‌లో పంపింది వెనక్కి రావడం చాలా కష్టం.

అమ్మానాన్నలూ, పిల్లవాడు అర్ధరాత్రి లేపి చెప్పినా లేచి వినండి. మా వీధి అబ్బాయి తిడతారన్న భయంతోనే నాలుగు రోజులు అన్నం మానేశాడు. ఆ రాత్రే ఫిర్యాదు చేయించండి. తిట్టేది ఉంటే తర్వాత తిట్టండి.