సిట్‌కామ్‌లో అతిథి పాత్ర – 4వ పాఠం: ప్రేక్షకులు నవ్వుతుండగా మాట్లాడొద్దు

ఈరోజు నేరుగా నవ్వు దగ్గరికి వెళ్దామనుకున్నాను. కానీ మూడో పాఠం చాలామందిని తికమక పెట్టింది. సోమవారం టేబుల్ రీడ్ (అందరూ బల్ల చుట్టూ కూర్చుని చదివేది) స్క్రిప్టుని బట్టీ పట్టొద్దని చెప్తే, కొందరు అసలు చదవడమే మానేశారు. నేనన్నది అది కాదు.

శుక్రవారం ప్రేక్షకుల ముందు షూటింగ్ పెట్టుకునే షోలో మంగళవారం నిర్మాతలకీ, బుధవారం స్టూడియో, నెట్‌వర్క్ (ప్రసారం చేసే చానెల్) వాళ్లకీ రన్‌త్రూ, అంటే సీన్లన్నీ వరసగా ఆడి, చూపిస్తారు. ప్రతి రన్‌త్రూ అయ్యాక రచయితలు రాత్రి కూర్చుని తిరగరాస్తారు. మారిన పేజీలు రంగు కాగితాల మీద వస్తాయి. తెలుపు తర్వాత నీలం, గులాబీ, పసుపు, ఆకుపచ్చ అన్నది మామూలు వరుస. షోని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. మారిన లైను పక్కన కుడి మార్జిన్లో నక్షత్రం గుర్తు (*) ఉంటుంది. ఎక్కువగా మారేది పంచ్, అంటే నవ్వు తెప్పించే లైను. సీన్లో మీ పాత్ర దేనికోసం వచ్చింది, ఎదుటివాళ్ల ఏ మాట వినగానే నోరు విప్పాలి అన్నవి అంత తొందరగా మారవు. కాబట్టి సోమవారం నుంచి ఆ రెండూ పట్టుకోండి. లైన్లు గురువారం కెమెరా బ్లాకింగ్ (ఎవరు ఎక్కడ నిలబడాలో కెమెరాలతో సరిచూసుకునే రిహార్సల్) నాటికి నోటికి వస్తే చాలు. పాత పేజీలు మాత్రం ఆ రాత్రే ఫైల్లోంచి తీసేయండి. రెండు రంగులూ కలిసి ఉంటే పొద్దున కళ్లు పాత లైను మీదకే పోతాయి.

మార్కు (నేల మీద మీ చోటు చూపే గుర్తు) మీద నిలబడటం, కెమెరా వైపు చూడకపోవడం మళ్లీ చెప్పను.

ఇక నవ్వు. 1951లో అమెరికన్ సిట్‌కామ్ ‘ఐ లవ్ లూసీ’ మూడు ఫిల్ము కెమెరాలను ప్రేక్షకుల ముందు ఒకేసారి తిప్పింది. ఇప్పుడు మామూలుగా నాలుగు. మీ మాటలు తల పైనున్న బూమ్ మైకుల్లోకి వెళ్తాయి, నవ్వు ప్రేక్షకుల మీద వేలాడే మైకుల్లోకి వెళ్తుంది. నవ్వు గట్టిగా వస్తే అది బూమ్‌లోకీ దూరుతుంది. దాని కింద మీరన్న మాటను ఎడిటర్ విడదీయలేడు.

ఒక ఉదాహరణ. మీది ప్లంబర్ పాత్ర.

ఇల్లాలు: ఎంతసేపు పడుతుంది?
ప్లంబర్: పైపు బాగుచేయడానికా, మీ ఆయన చేసిన రిపేరు బాగుచేయడానికా?
(నవ్వు)
ప్లంబర్: పైపుకైతే పది నిమిషాలు. రెండోదానికి లాయరు కావాలి.

‘పైపుకైతే పది నిమిషాలు’ నవ్వులో కలిసిపోయిందనుకోండి. అప్పుడు లాయరు మాట గాల్లో తేలుతుంది, ఎవరూ నవ్వరు. తప్పు జోకుది కాదు, తొందరది. అలాగని పూర్తి నిశ్శబ్దం వచ్చేదాకా ఆగితే సీను చల్లారిపోతుంది. నవ్వు పాలలా పొంగి, పైకొచ్చి, దిగడం మొదలుపెడుతుంది. దిగుతూ సగానికి వచ్చినప్పుడు, మొదటి మాట కాస్త గట్టిగా వేసి అందుకోండి.

నాకు చిరాకు తెప్పించే సంగతి వేరే ఉంది. ఆగమంటే బొమ్మలా బిగుసుకుపోతారు. లేదా పెదాలు తెరిచి, ఊపిరి పట్టి, ఎప్పుడు అయిపోతుందా అని ఎదురుచూస్తారు. నాలుగు కెమెరాల్లో ఏదో ఒకటి ఆ మొహాన్ని పట్టేస్తుంది. ఆగినంతసేపూ పాత్ర ఏదో ఒకటి ఆలోచిస్తుండాలి. అందుకు సాగే పని ఒకటి ఎంచుకోండి. ప్లంబర్ సింకు కింద ఉన్న అతుకును చూసి, భర్తను చూసి, మళ్లీ అతుకును చూడొచ్చు. ఇది రెండు సెకన్లకు సరిపోతుంది, ఆరింటికీ సరిపోతుంది. పనిముట్ల పెట్టె తెరవడం పనికిరాదు. అది ఒక సెకనులో అయిపోతుంది, గొళ్లెం చప్పుడు బూమ్‌లో పడుతుంది, రెండో టేక్‌లో నవ్వు చిన్నదైతే పెట్టె సగంలో ఉండిపోతుంది. రెండో టేక్‌లో నవ్వు తగ్గడం మామూలే, జోకు ప్రేక్షకులకు తెలిసిపోయింది కదా. రచయితలు అప్పటికప్పుడు పంచ్ మార్చేది అందుకే. కొత్త లైను చెవిలో పడగానే వాళ్ల ముందే రెండుసార్లు పైకి అనండి, దానికి ముందు ఎదుటివాళ్లు అనే లైను పాతదేనా అని అడగండి. అంతకంటే చర్చ వద్దు.

పంచ్ షోలో ఎప్పుడూ ఉండే నటులదైతే, వాళ్లకు నవ్వు వస్తున్నంతసేపు కదలకండి. మీరు తల తిప్పితే ప్రేక్షకుల కళ్లు మీ మీదకు వస్తాయి, నవ్వు తెగిపోతుంది.

నవ్వు రాకపోతే? ఆగకుండా సాగిపోండి. రన్‌త్రూలో రచయితలు నవ్వినంత సేపే శుక్రవారం ప్రేక్షకులూ నవ్వుతారని లెక్కవేసుకోవద్దు, సొంత జోకుకి ఎవరైనా నవ్వుతారు.

అభ్యాసం: రెండు పేజీల సీను, ఒక తోడు మనిషి, ఒక రికార్డరు. ప్రతి పంచ్ తర్వాత తోడు మనిషి తనకు తోచినంతసేపు చప్పట్లు కొట్టాలి. ఒకసారి 1 సెకను, ఒకసారి 7, కొన్నిచోట్ల అసలు కొట్టకూడదు. ఇరవై సార్లు చేయండి. ఎనిమిదోసారి, పద్నాలుగోసారి మొదలయ్యే ముందు ఒక పంచ్ మార్చి ఇమ్మనండి. తర్వాత రికార్డింగు వినండి. చప్పట్ల కింద ఒక్క మాట మునిగినా ఆ రౌండు పోయినట్టే. చప్పట్లు ఆగాక అర సెకను ఖాళీ వినపడినా పోయినట్టే. ఇరవైలో పన్నెండు నిలిస్తే ఐదో పాఠానికి రండి, ఆ రికార్డింగులు చెరిపేయకండి.