గుడ్డ అట్ట జర్నల్ ఎలా కట్టాలి? అట్ట వంగకుండా, పేజీ ముడత పడకుండా

చేత్తో కట్టిన జర్నల్ బాగుందో లేదో తెలుసుకోడానికి పేజీలు తిప్పి చూడక్కర్లేదు. బల్ల మీద పెట్టండి చాలు. అట్ట మూలలు పైకి లేచి ఉన్నా, తెరవగానే లోపలి కాగితం బుడగలు బుడగలుగా కనిపించినా, పైన ఎంత మంచి పెడన కలంకారీ ఉన్నా సరే, కట్టినవాళ్లు చివర్లో తొందరపడ్డారని అర్థం. ఎగ్జిబిషన్ స్టాళ్లలో ఇలాంటివే ఎక్కువ కనిపిస్తున్నాయి. గుడ్డ ఎంచుకోడానికి వారం పడుతుంది, ఫొటోలకి ఒక పూట పోతుంది, పుస్తకాన్ని అట్టలోకి ఎక్కించడం మాత్రం పది నిమిషాల్లో అయిపోతుంది. జర్నల్ పాడయ్యేది ఆ పది నిమిషాల్లోనే.

ఇక్కడ చెప్పేది 1/8 డెమ్మీ జర్నల్ గురించి. మన తెలుగు నవలలు చాలావరకు వచ్చే సైజే అది, సుమారు 5.5×8.5 అంగుళాలు. 160 పేజీలు, గీతలుండవు. గీతలు కావాలనుకునేవాళ్లకి స్కూలు నోటుబుక్కులు ఉన్నాయి.

కావలసినవి

100 జీఎస్ఎం (చదరపు మీటరుకి వంద గ్రాముల) కాగితం, 2 మిల్లీమీటర్ల గ్రే బోర్డు, గుడ్డ, దారం, కాస్త మైనం, లావు సూది, చెప్పులు కుట్టే ఆరె, స్టీలు స్కేలు, కట్టర్, ఫెవికాల్, మైదా, ఒక అంగుళం బ్రష్షు, గాజుగుడ్డ (గాయాలకి కట్టే పల్చటి జాలీ గుడ్డ). మడతలు నొక్కడానికి బోన్ ఫోల్డర్ ఉంటే మంచిది, లేకపోతే స్టీలు చెంచా వెనక వైపు సరిపోతుంది. హైదరాబాద్‌లో ఉంటే ఛత్తా బజార్లో పెళ్లికార్డుల ప్రెస్సుల చుట్టుపక్కల తిరిగితే కాగితం, అట్ట రెండూ దొరుకుతాయి. వేరే ఊళ్లో ఉంటే ఏదైనా ప్రింటింగ్ ప్రెస్సువాళ్లని అడగండి, కాగితం ఎక్కడ తెస్తారో చెబుతారు. దారం తెల్లదే వాడండి. రంగు దారాలు ఫొటోలకే పనికొస్తాయి.

1. కాగితం

జిరాక్స్ షాపులో దొరికే ఏ4 కాగితం వద్దు. కాగితానికి గ్రెయిన్ అని ఒకటి ఉంటుంది, అంటే లోపలి నార ఎక్కువగా ఏ దిక్కుకు పరుచుకుని ఉందో అది. మిషను మీద తయారైన ప్రతి కాగితానికీ ఇది ఉంటుంది. ఏ4లో మామూలుగా పొడుగు వైపుకి ఉంటుంది. దాన్ని సగానికి మడిస్తే గ్రెయిన్ వెన్నుకి అడ్డంగా పడుతుంది. అలా కట్టిన పుస్తకం తెరిస్తే పేజీలు వాలవు, నిక్కి నిలబడతాయి. పుస్తకంలో కాగితం, అట్ట, లోపల అంటించే ఎండ్ పేపర్, అన్నింటి గ్రెయినూ వెన్నుకి సమాంతరంగా, నిలువుగా ఉండాలి. ఇందులో మినహాయింపు లేదు.

గ్రెయిన్ పట్టుకోవడం కష్టం కాదు. షీటుని మడత పడకుండా ఒకసారి నిలువుకి, ఒకసారి అడ్డానికి వంచి చూడండి. ఎటు తేలిగ్గా వంగితే, ఆ వంపు గీత వెంబడే గ్రెయిన్ ఉన్నట్టు. అనుమానంగా ఉంటే ఒక చిన్న ముక్క తడపండి. గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడుగు ఎటుందో గ్రెయిన్ అటే.

22.5×35 అంగుళాల డబుల్ డెమ్మీ షీటు కొనండి, గ్రెయిన్ 35 అంగుళాల వైపుకి ఉన్నది. పొడుగుని నాలుగు, వెడల్పుని రెండు చేస్తే 8.75×11.25 సైజు ముక్కలు ఎనిమిది వస్తాయి. 11.25 వైపుని సగానికి మడవాలి. నాలుగేసి ముక్కలు ఒకదానిలో ఒకటి పెడితే పదహారు పేజీల ఫారం. పది ఫారాలకి ఐదు షీట్లు చాలు.

2. కుట్టడం

ప్రతి ఫారం మడత మీద ఆరెతో ఆరు చిల్లులు. అన్ని ఫారాలకీ ఒకే చోట పడాలి కాబట్టి చిల్లుల కొలతలు ఒక అట్ట ముక్క మీద గీసి పెట్టుకోండి. దారానికి మైనం రాసి కుట్టండి. రెండు చివర్లలో కింది ఫారం కుట్టులోంచి సూది తిప్పి ముడి వేయాలి. దారం బిగించేటప్పుడు వెన్ను వెంబడే లాగాలి. పైకి లాగితే మడత చిరుగుతుంది. ఒకటి రెండు పుస్తకాలు కుడితే చెయ్యి అలవాటు పడుతుంది, దీని గురించి టెన్షన్ అక్కర్లేదు.

కుట్టకుండా వెన్నుకి బంక రాసేసి ‘హ్యాండ్‌మేడ్’ అని అమ్మేవాళ్ల గురించి నేనేమీ అనను. కొన్నవాళ్లు అంటారు, మూడో నెలలో పేజీలు ఊడినప్పుడు.

3. వెన్ను

ముందూ వెనకా ఒక్కో ఎండ్ పేపర్‌ని సగానికి మడిచి, వెన్ను అంచున 3 మిల్లీమీటర్ల మేరే బంక రాసి అతికించండి. ఫారాలన్నీ సమంగా సర్ది, మీద బరువు పెట్టి, వెన్నుకి ఫెవికాల్ వేలితో పల్చగా పట్టించండి. ఆరాక ప్రెస్సుకి తీసుకెళ్లి కటింగ్ మెషిన్ మీద మిగతా మూడు వైపులా కోయించుకు రండి. ఇంట్లో కట్టర్‌తో కోస్తే అంచు మెట్లు మెట్లుగా వస్తుంది. తర్వాత వెన్ను మీద గాజుగుడ్డ, అటూ ఇటూ అంగుళం మిగిలేలా. దాని మీద వెన్నంత వెడల్పు కాగితం పట్టీ.

పేజీ గుర్తుకి రిబ్బను పెట్టకండి.

4. గుడ్డకి వెనక కాగితం వేయడం

కలంకారీ, మంగళగిరి నూలు, పోచంపల్లి ఇక్కత్, ఏదైనా సరే, నేత గుడ్డని నేరుగా అట్టకి అంటిస్తే బంక పైకి ఊరి మరకలు పడతాయి. అందుకే ముందు గుడ్డకి వెనక పల్చటి కాగితం వేయాలి. గుడ్డని ఉతికి గంజి, వదులు రంగు పోగొట్టండి. కలంకారీలో రంగు కారే ముక్క ఉంటే ఇక్కడే తెలిసిపోతుంది, పుస్తకం చేసి అమ్మాక తెలియడం కంటే నయం. బ్లాకుతో అద్దింది, స్క్రీన్ ప్రింట్ వేసింది రెండూ కలంకారీ పేరుతోనే అమ్ముతున్నారు. గుడ్డ తిరగేసి చూడండి. అద్దకంలో రంగు వెనక్కి బాగా దిగి ఉంటుంది, బ్లాకు బ్లాకు కలిసే చోట కాస్త తేడా కనిపిస్తుంది. జర్నల్ మీద ‘పెడన కలంకారీ’ అని రాసి అమ్మేటట్టయితే ఈ తేడా మీకు తెలియాలి.

ఇక మైదా బంక. ఒక కప్పు మైదాకి ఐదు కప్పుల నీళ్లు. ఉండలు లేకుండా కలిపి, సన్నటి సెగ మీద తిప్పుతూ ఉడికించాలి. తెల్లదనం పోయి నిగనిగలాడితే దించేసి, చల్లారాక గుడ్డలో వడగట్టాలి. అంబలి కన్నా చిక్కగా, ఉప్మా కన్నా పల్చగా ఉండాలి. బైండింగు షాపుల్లో పురుగు పట్టకుండా ఇందులో మైలతుత్తం కలిపేవారు. అది విషం. మీరు కలపకండి, జర్నల్ పిల్లల చేతుల్లోకి కూడా వెళ్తుంది. పటిక కూడా వద్దు, అందులోని ఆమ్లం కాగితాన్ని నెమ్మదిగా తినేస్తుంది. ఈ బంక రెండు రోజులకి పులుస్తుంది, మూడో రోజు పారేసి కొత్తది కాచుకోండి.

గుడ్డని తడిపి పిండి, నున్నటి గ్రానైట్ గట్టు మీద బోర్లా పరిచి, నేత దారాలు తిన్నగా ఉండేలా చేత్తో సర్దండి. తెల్ల గాలిపటాల కాగితానికి మైదా బంక రాసి దాని మీద వేసి, మధ్య నుంచి అంచులకి బ్రష్షుతో దువ్వండి. రంగు కాగితం వాడితే తడికి రంగు దిగుతుంది. గట్టు మీదే పూర్తిగా ఆరనివ్వాలి. టైలర్లు వాడే ఫ్యూజింగ్ ఇస్త్రీ చేస్తే సరిపోతుంది కదా అని అడుగుతారు. పని త్వరగా అవుతుంది. కానీ అట్ట కీలు దగ్గర రోజూ వంగేచోట అది విడిపోయి బుడగ లేస్తుంది.

5. అట్ట

పేజీ కంటే అట్ట ముక్క ఎత్తు 6 మిల్లీమీటర్లు ఎక్కువ, వెడల్పు 4 మిల్లీమీటర్లు తక్కువ. వెన్ను పట్టీ వెడల్పు పుస్తకం మందానికి రెండు అట్టల మందం కలిపినంత. వీటిని గుడ్డ వెనక వైపు అంటించేటప్పుడు పట్టీకి, అట్టకి మధ్య 7 మిల్లీమీటర్ల సందు వదలాలి, కీలు పడేది అక్కడే. చుట్టూ 2 సెంటీమీటర్ల గుడ్డ మిగిల్చి, మూలల్ని అట్ట మొనకి 3 మిల్లీమీటర్ల దూరంలో ఏటవాలుగా కత్తిరించి, లోపలికి మడిచి ఫెవికాల్‌తో అంటించండి. బరువు కింద రాత్రంతా ఉంచండి.

తెల్లారి చూస్తే అట్టలు కాస్త బయటికి వంగి ఉంటాయి. చాలామంది ఇక్కడ భయపడి ఇస్త్రీ పెట్టె పడతారు. ముట్టుకోవద్దు. గుడ్డ ఎండుతూ తన వైపుకి లాగింది, అంతే. రేపు లోపల అంటించే కాగితం ఎండుతూ ఇటువైపుకి లాగుతుంది. రెండు లాగుళ్లూ సమానమైతే అట్ట తిన్నగా నిలుస్తుంది.

6. పుస్తకాన్ని అట్టలోకి ఎక్కించడం

ఈ పనికి విడిగా ఒక పూట కేటాయించండి. ఫోన్ పక్క గదిలో పెట్టండి. ఫ్యాన్ ఆపండి. ఫ్యాన్ గాలికి బంక ఒకచోట ఆరి ఇంకోచోట తడిగా ఉండిపోతుంది, అట్ట మెలి తిరిగేది దానివల్లే. మే నెలలో ఈ పని తెల్లవారుజామున చేయండి. ముసురు పట్టిన రోజుల్లో, ముఖ్యంగా కోస్తాలో, వీలైతే వాయిదా వేయండి.

ముందు బంక లేకుండా ఒకసారి చేసి చూసుకోండి. పుస్తకాన్ని అట్టలో పెట్టి, పైనా కిందా ముందూ 3 మిల్లీమీటర్ల చొప్పున సమంగా మిగిలిందో లేదో చూసి, పెన్సిల్‌తో సన్నగా గుర్తు పెట్టండి. బంక రాశాక కొలవడానికి టైముండదు.

బంక విషయానికొస్తే, ఉత్త ఫెవికాల్ వద్దు. పట్టుకున్న చోట పట్టేస్తుంది, సర్దుకోనివ్వదు. ఉత్త మైదా బంకలో తడి ఎక్కువ. రెండూ సమపాళ్లలో కలపండి.

పైన ఉన్న ఎండ్ పేపర్ మడత లోపల ఒక పాత క్యాలెండర్ కాగితం దూర్చండి. న్యూస్‌పేపర్ కాదు, ఇంకు అంటుకుంటుంది. ముందు గాజుగుడ్డని ఎత్తి దాని కింద రాసి, గాజుగుడ్డని పడుకోబెట్టి, అప్పుడు దాని మీదుగా కాగితమంతా రాయాలి. బ్రష్షు ఎప్పుడూ మధ్య నుంచి బయటికే. బయటి నుంచి లోపలికి లాగితే అంచు కిందికి బంక చేరి పేజీలు అతుక్కుపోతాయి. వెన్ను పక్కన కీలు పడే చోట తప్పకుండా రాయండి, చాలామంది వదిలేసేది అదే.

ఎంత రాయాలి? వాలుగా చూస్తే కాగితమంతా ఒకే తీరుగా తడిగా మెరవాలి. తెల్లటి చారలు కనిపిస్తే ఎక్కువైనట్టు, బ్రష్షుతో తీసేయండి. మెరుపు లేకుండా పొడిగా కనిపించే చోట తక్కువైనట్టు. రాయడం మొదలుపెట్టిన నిమిషంలో ముగించాలి. ఎక్కువసేపు నానితే కాగితం సాగుతుంది. గ్రెయిన్‌కి అడ్డంగా బాగా సాగుతుంది, వెంబడి అంతగా సాగదు. మన గ్రెయిన్ నిలువు కాబట్టి సాగేది వెడల్పులోనే, అదీ ముందు అంచు వైపుకి జారి సర్దుకుంటుంది. గ్రెయిన్ అడ్డంగా ఉండుంటే ఆ సాగుడంతా కీలు వెంబడి ముడతలై కూర్చునేది. జిరాక్స్ కాగితం వద్దని మొదట్లోనే చెప్పింది ఇందుకే.

క్యాలెండర్ కాగితం తీసేయండి. ఇప్పుడు అట్టని పుస్తకం మీదికి తిన్నగా దించి మూయండి. ఎండ్ పేపర్‌ని తీసుకెళ్లి అట్టకి అతికించకూడదు, అట్టే కాగితం మీదికి రావాలి. మూశాక అరచేత్తో గట్టిగా అదమండి.

ఇక తెరవకండి. సరిగ్గా పడిందో లేదో చూడాలని చెయ్యి లాగుతుంది. తడి కాగితం ఆ క్షణంలో తెరిస్తే కీలు దగ్గర ఊడి వస్తుంది, మళ్లీ మూస్తే అక్కడ శాశ్వతంగా మడత పడుతుంది. ఇంట్లోవాళ్లు ఎవరైనా ‘చూపించవే’ అని అడిగినా సరే, తెరవొద్దు.

పుస్తకం తిప్పి రెండో వైపు కూడా ఇలాగే. రెండు వైపులా మూసేశాక, స్వెటర్లు అల్లే సన్న సూదిని కీలు గాడిలో పెట్టి అటూ ఇటూ ఒకసారి నొక్కండి, గాడి స్పష్టంగా పడుతుంది. అప్పుడు మాత్రం అట్టని కొంచెమే, పలక దూరేంత మేర ఎత్తి, ఎండ్ పేపర్‌కి పుస్తకానికి మధ్య ఒక ప్లాస్టిక్ షీటు జారవిడవండి. ఇది లేకపోతే తడి మొదటి పది పేజీలకీ పాకి అలలు అలలుగా తేలతాయి. రెండు వైపులా ఉండాలి.

బరువుకి కాగితం చుట్టిన ఇటుకలు నాలుగైదు చాలు. ఇటుకలకి, పుస్తకానికి మధ్య ఒక చదునైన చెక్క పెట్టండి. ఆరు గంటల తర్వాత ప్లాస్టిక్ తీసి పొడి కాగితం పెట్టి, మళ్లీ బరువు వేసి కనీసం ఒక రోజు ఉంచాలి. వానాకాలంలో రెండు రోజులు. హెయిర్ డ్రైయర్ వాడితే పైన ఎండి లోపల తడి ఉండిపోతుంది, వారం తిరిగేసరికి అట్ట వంకర తిరుగుతుంది. కొన్నవాళ్ల ఇంట్లో తిరుగుతుంది కాబట్టి మీకు కనిపించదు, ఫోన్ మాత్రం వస్తుంది.

అంతా ఆరాక అట్ట లోపలికి కాస్త వంగి ఉంటే దిగులక్కర్లేదు, అది పుస్తకాన్ని పట్టుకునే ఉంటుంది. బయటికి వంగితే మాత్రం గుడ్డ గెలిచిందన్నమాట. వచ్చేసారి కాస్త మందమైన ఎండ్ పేపర్ వేయండి. చేత్తో తీసిన కాగితం, సంగనేర్‌దో పుదుచ్చేరిదో, ఎండ్ పేపర్‌కి బావుంటుంది. నార అన్ని వైపులకీ సమంగా ఉంటుంది కాబట్టి గ్రెయిన్ గొడవ తక్కువ. లోపలి పేజీలకి మాత్రం వాడకండి. ఫౌంటెన్ పెన్ సిరా చాలా రకాల మీద పాకుతుంది, పైగా పుస్తకం దిండులా తయారవుతుంది.

7. అమ్మేముందు

బరువు తీసిన రోజే ప్యాక్ చేయకండి. వారం రోజులు అల్మరాలో నిలబెట్టి ఉంచి, మళ్లీ బల్ల మీద పెట్టి చూడండి. అట్ట తిన్నగా నిలిచినదే అమ్మండి. నిలవనిది మీరే రాసుకోండి.

ధర విషయంలో కాగితం, గుడ్డ ఖర్చుకి రెండింతలు వేసి ఊరుకునేవాళ్లున్నారు. గంటల లెక్క వేయండి. ఒక్కొక్కటిగా చేస్తే ఏ ధరా గిట్టదు, పదేసి పుస్తకాలు ఒకే విడతలో చేయాలి: ఒక రోజంతా మడత, ఒక రోజు కుట్టు, అలా. ‘ఖాళీ పుస్తకమే కదా, రెండొందలకి రాదా’ అని అడిగేవాళ్లకి బైండింగ్ గురించి ఉపన్యాసం ఇవ్వకండి. మధ్య పేజీ తెరిచి బల్ల మీద పెట్టి చేతులు తీసేయండి, అది అలాగే పరుచుకుని ఉంటుంది. కొనేవాళ్లు అక్కడే కొంటారు.

కొత్త సంవత్సరం ఆర్డర్లు డిసెంబరులో మీద పడతాయి, విజయవాడ పుస్తకాల పండుగ కూడా మామూలుగా జనవరి మొదట్లోనే. వాటికి కావలసిన గుడ్డకి కాగితం వేసే పని అక్టోబరులోనే ముగించుకోండి. చుట్టి పెట్టకుండా, పరిచి దాచండి. పార్సిల్‌కి ముందు బటర్ పేపర్, తర్వాత అట్ట ముక్కలు రెండు వైపులా, ఆపైన ప్లాస్టిక్ కవరు. అమెరికాకో దుబాయ్‌కో సూట్‌కేసులో తీసుకెళ్తామంటే, బట్టల మధ్య నిలువుగా కాకుండా అడుగున పడుకోబెట్టమని చెప్పండి.