ఆఫ్రికా అడవి దున్నకి గురి ఎక్కడ పెట్టాలి

ముందే చెప్తున్నానండి, ఇది పర్మిట్‌తో వేటాడనిచ్చే టాంజానియా లాంటి చోట్ల సంగతి, మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అడవిదున్న జోలికెళ్తే జైలే. అమలాపురం వైపు గట్టు మీద మేసే గేదెని పక్కనుంచి చూడండి, గుండె రెండు ముందుకాళ్ళ మధ్యలో బాగా కిందకి ఉంటది, కేప్ దున్నకీ (ఆఫ్రికా అడవి దున్ననే అలా అంటారు) అంతే, కానీ దాని వీపు ఎత్తు చూసి చాలామంది పైకి కొట్టేస్తారు. అడ్డంగా నిలబడితే ముందుకాలి వెంబడే పైకెళ్ళి ఒంటి ఎత్తులో కిందనుంచి మూడో వంతు దగ్గర కొట్టాలి. కొంచెం అవతలికి తిరిగుంటే అవతలి ముందుకాలికి గురి పెట్టండి. వెనకాల ఇంకో దున్న ఉంటే ఆగాలి, తూటా దూసుకెళ్ళి దానికీ తగుల్తది. పాయింట్ 375 (అంగుళాల్లో తూటా సైజు) కన్నా చిన్న రైఫిల్ వద్దు, పడ్డాక కూడా ఇంకోటి కొట్టాకే దగ్గరికెళ్ళండి.