గ్రీన్ కార్డు ఉన్నవారు విజయవాడ నుంచి జీవిత భాగస్వామిని తీసుకువెళ్లాలంటే

పెళ్లి ముందు జరిగిందా, గ్రీన్ కార్డు ముందు వచ్చిందా అన్నది మొదట తేల్చుకోవాలి. ఉద్యోగం ద్వారా కార్డు వచ్చే నాటికే పెళ్లి జరిగి ఉంటే, సాధారణంగా కొత్త కుటుంబ పిటిషన్ అవసరం లేకుండా, ఐ-824 దరఖాస్తుతో భార్యనో భర్తనో వెనుక నుంచి రప్పించుకునే వీలుంటుంది. ఈ సంగతి తెలియక అనవసరంగా క్యూలో నిలబడే దంపతులను చూస్తే మనసుకు కష్టంగా ఉంటుంది.

కార్డు వచ్చాక పెళ్లి చేసుకున్నవారు ఐ-130 అనే కుటుంబ పిటిషన్ వేయాలి. ఇది గ్రీన్ కార్డు ఉన్నవారి జీవిత భాగస్వాములకు, పిల్లలకు ఉద్దేశించిన ఎఫ్‌2ఏ కేటగిరీ; దీనికి ఏటా వీసాల పరిమితి ఉంది. పిటిషన్ అందిన తేదీయే ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మీ స్థానాన్ని తేల్చే తేదీ, అవుతుంది కనుక, వివాహ ధ్రువపత్రం చేతికి రాగానే ఆలస్యం చేయకుండా వేసి, ఏ తేదీ వరకు వేసినవారి వంతు వచ్చిందో చెబుతూ నెలనెలా వెలువడే వీసా బులెటిన్ చూసుకుంటూ ఉండాలి. ఈలోగా పిటిషన్ వేసిన స్పాన్సర్‌కు అమెరికా పౌరసత్వం వస్తే ఆ పరిమితి వర్తించదు. అయితే అప్పటిదాకా తల్లి లేదా తండ్రి పిటిషన్‌లోనే ఉన్న పిల్లలకు విడిగా పిటిషన్లు వేయవలసి వస్తుంది.

అసలు శ్రమ ఇక్కడి కాగితాల దగ్గరే ఉంది. ఇంద్రకీలాద్రి మీద పెళ్లి చేసుకున్నా, కల్యాణ మండపంలో చేసుకున్నా, దేవస్థానం రసీదు, శుభలేఖ చాలవు. సబ్ రిజిస్ట్రార్ ఇచ్చే వివాహ ధ్రువపత్రం కావాలి. దానికి ఇద్దరూ సాక్షులతో హాజరు కావాలి కాబట్టి, అమెరికా నుంచి వచ్చినవారి సెలవు ముగియకముందే ఆ పని పెట్టుకోవడం మంచిది. అమ్మాయి పదో తరగతి మెమోలో ‘కె. శ్రీవల్లి’ అని, పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, వివాహ పత్రంలో భర్త ఇంటిపేరుతో ఉంటే, ముగ్గురూ ఒకరేనని నిరూపించే భారం మీ మీదే పడుతుంది. అందుకే పెళ్లికి ముందున్న పాస్‌పోర్టు పేరునే వివాహ పత్రంలోనూ రాయించండి; ఇంటిపేరు మార్చుకోవాలన్న నియమమేదీ లేదు. పాత జనన ధ్రువపత్రాల్లో శిశువు పేరు గడి ఖాళీగా ఉండడం మామూలే కనుక, మునిసిపల్ కార్పొరేషన్‌లో పేరు చేర్పించుకోవాలి. జననం అసలు నమోదే కాకపోతే, రికార్డు లేదన్న ధ్రువపత్రంతో పాటు తల్లిదండ్రుల అఫిడవిట్లు సిద్ధం చేయాలి.

పెళ్లి నిజమైనదని చూపడానికి స్టూడియో ఫొటోల కన్నా, ఇరువైపుల బంధువులూ కనిపించే తలంబ్రాల ఫొటోలు, పంపిన డబ్బుల బ్యాంకు రికార్డులు, కలిసి చేసిన ప్రయాణాల టికెట్లు బలమైన ఆధారాలు.

పిటిషన్ ఆమోదం పొందాక కేసు అమెరికా విదేశాంగ శాఖకు చెందిన నేషనల్ వీసా సెంటర్‌కు వెళుతుంది. అక్కడ ఫీజులు కట్టి, డీఎస్-260 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు నింపి, స్పాన్సర్ సంతకం చేసిన ఆర్థిక హామీ పత్రం ఐ-864 ఇవ్వాలి. స్పాన్సర్ ఆదాయం సాధారణంగా ఫెడరల్ పేదరిక ప్రమాణంలో 125 శాతమైనా ఉండాలి. చాలకపోతే తోడుగా ఆర్థిక హామీ ఇచ్చే జాయింట్ స్పాన్సర్‌ను తెచ్చుకోవచ్చు. పోలీసు క్లియరెన్సుకు పాస్‌పోర్టు సేవా పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. హైదరాబాద్‌లో కాన్సులేట్ ఉన్నా, ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూ సాధారణంగా ముంబయిలోనే జరుగుతుంది. వైద్య పరీక్షలు కూడా కాన్సులేట్ గుర్తించిన వైద్యుల వద్దే చేయించుకోవాలి.

ఐ-130 ద్వారా వెళ్లేవారికి, అమెరికాలో అడుగుపెట్టే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే, వచ్చేది రెండేళ్ల షరతులతో కూడిన కార్డు. దాని గడువు ముగిసే ముందు 90 రోజుల్లోగా దంపతులిద్దరూ కలిసి, షరతులు తొలగించమని కోరే ఐ-751 వేయాలి.