పాత సెట్టును మళ్లీ పాడిద్దాం – 4వ పాఠం: నమ్మదగిన మెకానిక్‌ని వెతికి పట్టుకోవడం

పోయిన పాఠంలో సెట్టు (రేడియో, ఆంప్లిఫయర్, క్యాసెట్ డెక్, ఏదైనా సరే) మూత తీయకుండానే లక్షణాలు కాగితం మీద రాసుకోవడం నేర్చుకున్నాం కదా, ఆ కాగితం ఇప్పుడు చేతిలో పెట్టుకోండి. ఎడమ స్పీకర్ రావట్లేదు, వాల్యూమ్ తిప్పితే గరగరమంటోంది, పది నిమిషాలయ్యాక హమ్మింగ్ మొదలవుతోంది... మీరు రాసుకున్న ఆ నాలుగు ముక్కలే ఈరోజు పనికొస్తాయి. "పాడైపోయింది, చూడండి" అని ఇచ్చేసి వస్తే ఏం మార్చారో, ఎందుకు మార్చారో చివరి దాకా మీకు తెలియదు.

ముందు ఎక్కడ వెతకాలో చూద్దాం. హైదరాబాద్‌లో ఎవరిని అడిగినా కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లమంటారు. వెళ్లాల్సిందే, కానీ అక్కడ ఎక్కువగా కనిపించేవి కొత్త ఆంప్లిఫయర్లు, స్పీకర్లు, విడి పార్టులు అమ్మే షాపులు. పాత సెట్లు బాగుచేసే మనిషి ఏ మేడ మీదో చిన్న గదిలో బోర్డు కూడా లేకుండా కూర్చుని ఉండొచ్చు. అందుకని పార్టులు అమ్మే కౌంటర్ దగ్గర ఏదైనా చిన్న వస్తువు కొనండి, ఒక ఫ్యూజో, రెండు కెపాసిటర్లో. కొంటూ "అన్నా, క్యాసెట్ డెక్ బెల్టులు, పాత ఎస్‌టీకే ఐసీలు మీ దగ్గర ఎవరు తీసుకెళ్తుంటారు?" అని అడగండి. ఎస్‌టీకే అంటే పాత ఆంప్లిఫయర్లలో శబ్దాన్ని పెంచే చిప్పు. ఎవరు ఏ పార్టు కొంటున్నారో, ఎవరు మంచి రకం అడుగుతారో, ఎవరు చౌకది చాలంటారో కౌంటర్ వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. చెన్నై రిచీ స్ట్రీట్‌లో, బెంగళూరు ఎస్‌పీ రోడ్డులో తిరిగే మనవాళ్లకూ ఇదే పద్ధతి పనిచేస్తుంది.

చిన్న ఊళ్లలో ఉన్నవాళ్లు మైక్ సెట్ వాళ్లను అడగండి. పెళ్లిళ్ల సీజన్‌లో అహూజా ఆంప్లిఫయర్ మొరాయిస్తే వాళ్లకు సాయంత్రానికల్లా అది తయారు కావాలి, రెండుసార్లు మోసపోయిన చోటికి మూడోసారి వెళ్లరు. కీబోర్డుకైతే చర్చిలో వాయించేవాళ్లు, ఆర్కెస్ట్రా వాళ్లు, హార్మోనియానికి భజన మండలి పెద్దలు దారి చెబుతారు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల్లో అయితే ఇంకో అవకాశం కూడా ఉంది. గల్ఫ్ నుంచి వచ్చిన టూ-ఇన్-వన్‌లు, డెక్‌లు అప్పట్లో బాగుచేసిన మెకానిక్‌లు చాలామంది ఇప్పుడు టీవీలు, మిక్సీలు చూసుకుంటున్నారు. వాళ్ల దగ్గరికి పాత డెక్ తీసుకెళ్తే, ఆ పని మళ్లీ చేసే సంతోషంతోనే సగం శ్రద్ధ ఎక్కువ పెడతారు.

ఇప్పుడు ఫోన్ చేయండి. ప్రశ్న ఇలా ఉండాలి: "అన్నా, 80ల నాటి క్యాసెట్ డెక్ ఒకటుంది, మోటార్ చప్పుడు వినిపిస్తోంది కానీ టేపు కదలట్లేదు, ఇలాంటివి చూస్తారా?" పని తెలిసిన మనిషి ఎదురు ప్రశ్న వేస్తాడు: ఏ కంపెనీ, ఏ మోడల్, ఎన్నాళ్ల నుంచి వాడట్లేదు, ఫార్వర్డ్ బటన్ నొక్కితే తిరుగుతోందా. "బెల్టు సాగిపోయి ఉంటుంది, లేదంటే కరిగి జిగురులా అంటుకుని ఉంటుంది, విప్పి చూస్తే గానీ చెప్పలేను" అన్నాడంటే ఆ షాపుకి వెళ్లండి. ఏమీ అడక్కుండా రేటు చెప్పినా, "అవన్నీ తీసేసి లోపల బ్లూటూత్ కిట్ వేసేద్దాం సార్" అన్నా మర్యాదగా ఫోన్ పెట్టేయండి. ఆ మాట నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. బ్లూటూత్ కావాలంటే వెనక ఆక్స్ సాకెట్‌కి విడిగా ఒక రిసీవర్ పెట్టుకుంటే సరిపోతుంది, దానికోసం బాగుపడే బోర్డును కోసి పారేయక్కర్లేదు.

షాపుకి వెళ్లాక బెంచీ మీదికి చూడండి. షాపు ఇరుకుగా ఉన్నా, దుమ్ముగా ఉన్నా ఫర్వాలేదు. సీరీస్ బల్బు (సెట్టుకు వెళ్లే కరెంటు దారిలో కలిపే ఫిలమెంట్ బల్బు) ఉందా, డిమ్మర్‌స్టాట్ (వోల్టేజీని మెల్లగా పెంచే పరికరం) ఉందా అన్నది ముఖ్యం. ఏళ్ల తరబడి అటక మీద ఉన్న సెట్టును నేరుగా 230 వోల్టులకు తగిలించే మనిషి చేతికి మీ వస్తువు ఇవ్వొద్దు. లోపల ఎక్కడైనా షార్ట్ ఉంటే సీరీస్ బల్బు భగ్గున వెలిగి సెట్టును కాపాడుతుంది, నేరుగా పెడితే ట్రాన్స్‌ఫార్మర్ పోవచ్చు. వాల్వ్ రేడియోలైతే ఇంకా జాగ్రత్త, కొన్ని ఏసీ-డీసీ మోడళ్లలో (ఏసీ, డీసీ రెండు రకాల కరెంటుతోనూ నడిచేవి) ఇనప ఛాసిస్, అంటే లోపలి ఇనప చట్రం, కరెంటుకే కలిసి ఉంటుంది, ముట్టుకుంటే ప్రాణం మీదికొస్తుంది. ఆ సంగతి మీరు అడక్కముందే చెప్పే మెకానిక్ దొరికితే వదులుకోకండి.

పార్టుల గురించి ఒక ప్రశ్న తప్పకుండా అడగండి. సాన్యో చేసిన ఎస్‌టీకే ఆడియో ఐసీలు ఇప్పుడు తయారవట్లేదు, బజార్లో కొత్తగా మెరిసేవాటిలో నకిలీలు ఎక్కువ. ఆంప్లిఫయర్లలో స్పీకర్లను నడిపే 5200, 1943 నంబర్ల ట్రాన్సిస్టర్ల జతకీ ఇదే గొడవ. "ఒరిజినల్ ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగితే "పాత సెట్లోంచి తీసినది వెతకాలి, టైం పడుతుంది, దొరక్కపోవచ్చు కూడా" అనే జవాబు రావాలి. రికార్డ్ ప్లేయర్ ఇచ్చేవాళ్లు 78 రికార్డుకీ (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలం రికార్డు) ఎల్పీకీ (ఆ తర్వాత వచ్చిన 33 చుట్ల రికార్డు) ఒకే సూది సరిపోతుందా అని అడగండి. 78 గాడి వెడల్పు ఎక్కువ, దానికి లావు సూది వేరే కావాలి. ఏదైనా ఒకటేనంటే రికార్డులు ఆ షాపుకు తీసుకెళ్లకండి.

అన్నీ నచ్చినా మొదటిసారే తాతగారి రేడియో ఇవ్వొద్దు. వాల్యూమ్ కంట్రోల్ శుభ్రం చేయడమో, ఒక సాకెట్ మార్చడమో, చిన్న పని ఇచ్చి చూడండి. ఇచ్చేముందు మోడల్, సీరియల్ నంబరు ఫోటో తీసి, మూత తీసినప్పుడు లోపలి బోర్డు ఫోటో కూడా వాళ్ల ముందే తీసుకోండి. ఫోటో తీయడం నచ్చని మెకానిక్ ఎవరో అక్కడే తెలిసిపోతుంది. చీటీ మీద జబ్బు, చెకింగ్ చార్జి, దానితోపాటు ఇచ్చిన అడాప్టర్, సూది, రిమోట్ అన్నీ రాయించండి. "మార్చిన పాత పార్టులు నాకు తిరిగి ఇవ్వండి" అని ముందే చెప్పండి. ఈ ఒక్క మాట వల్ల లోపలి ఒరిజినల్ పార్టులు మాయమవుతాయేమోనన్న టెన్షన్ చాలావరకు పోతుంది, మంచి మెకానిక్ దీనికి ఏమీ అనుకోడు.

తిరిగి తెచ్చుకునేటప్పుడు తొందరపడకండి. ఆంప్లిఫయర్ అయితే స్పీకర్లు తగిలించకముందు మల్టీమీటర్‌ని డీసీ మిల్లీవోల్టుల్లో పెట్టి స్పీకర్ టెర్మినల్స్ దగ్గర చూడమనండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే హాయి, వోల్టుల్లో చూపిస్తే స్పీకర్ కాలిపోతుంది. తర్వాత షాపులోనే ఓ అరగంట పాడించండి, హీట్‌సింక్ (వేడిని బయటికి పంపే లోహపు రెక్కలు) మీద చెయ్యి పెట్టి చూడండి, బ్యాలెన్స్ నాబ్ రెండువైపులా తిప్పండి. మీకు బాగా తెలిసిన క్యాసెట్ తీసుకెళ్తే స్పీడు తేడా చెవికే తెలుస్తుంది.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లకు రెండు మాటలు, మిగతాది వచ్చే పాఠంలో. ఎర్రగడ్డ ఆదివారం సంతలో, జుమ్మెరాత్ బజార్‌లో ప్లగ్ పెట్టి చూసే వీలు ఉండదనే అనుకుని వెళ్లండి. వెనక లేబుల్ చదవండి: జపాన్‌లో అమ్మకానికి చేసిన సెట్టు 100 వోల్టులది, మన ప్లగ్గులో పెడితే అక్కడికక్కడే పోతుంది. స్క్రూ తలలు అరిగిపోయి ఉంటే చాలామంది విప్పారని అర్థం. కీబోర్డు కొంటే అడాప్టర్ చూసుకోండి. పాత కాసియోల్లో చాలావాటికి 9 వోల్టులు, లోపలి పిన్ను నెగటివ్. యమహాల్లో చాలావాటికి 12 వోల్టులు, లోపలి పిన్ను పాజిటివ్. కీబోర్డు వెనక ఉన్న గుర్తు చూడకుండా ఏదో ఒకటి గుచ్చొద్దు.

ఈ వారం పని: మీ ఊళ్లో ముగ్గురు మెకానిక్‌లకు ఫోన్ చేసి ఒకే ప్రశ్న అడగండి, వాళ్లు తిరిగి ఏమేం అడిగారో పక్కపక్కన రాసుకోండి. 5వ పాఠంలో క్యాసెట్ డెక్ కొనేముందు హెడ్డు (టేపు మీది పాటను చదివే భాగం), పించ్ రోలర్, క్యాప్‌స్టన్ (టేపును లాగే రబ్బరు చక్రం, లోహపు కడ్డీ) చూసే పద్ధతి నేర్చుకుందాం. ఒక చిన్న టార్చి లైటు సిద్ధంగా పెట్టుకోండి.